పరీక్షలో పైన, ఇంటర్వ్యూలో కింద: మెడికల్, డెంటల్ సీట్ల ఎంపిక ఇలాగేనా?

నిద్రలేని_అక్క
మా తమ్ముడు ఈ ఏడు మెడిసిన్‌కి అప్లై చేశాడు. స్కూలు మార్కుల్లో వంక పెట్టడానికి లేదు, బ్రిటన్ లాంటి చోట్ల మెడికల్, డెంటల్ సీట్లకి పెట్టే ఎంట్రన్స్ యూక్యాట్‌లోనూ మంచి స్కోరే. ఇంటర్వ్యూ దాకా వెళ్ళాక రిజెక్ట్. ఎందుకయ్యా అంటే "ఈసారి పోటీ ఎక్కువ, ఒక్కొక్కరికీ కారణాలు చెప్పలేం" అని రెండు లైన్ల మెయిల్. వాడు నెమ్మదస్తుడు. కొత్తవాళ్ళ ముందు మాట పెగలదు, అలవాటైతే మాత్రం ఆగడు. వాడి క్లాసులోనే ఇంకో కుర్రాడున్నాడు. స్కోరు వీడికన్నా తక్కువ, అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు, గలగలా మాట్లాడతాడు. అతనికి సీటొచ్చింది. ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు. కానీ ఏళ్ళ తరబడి చదివిన చదువుని ఎనిమిదేసి నిమిషాల మాటలతో కొట్టిపారేయడం ఏం న్యాయం? డాక్టరుకి కావలసింది చదువా, మాటకారితనమా?

గోడమీద_పిల్లి
రెండూ. జవాబు దొరికింది, మోడరేటర్ గారూ, ఇక తాళం వేసేయండి.

నాలుగో_బెంచి
ఇంటర్వ్యూ పెట్టేదే తమకు కావలసినవాళ్ళని లోపలికి తెచ్చుకోవడానికి. రాత పరీక్ష ఒక్కటే ఉండాలి. ఓఎంఆర్ షీటుకి నీ మేనమామ ఎవరో తెలియదు, నీ యాస తెలియదు, నీ మొహం అసలే తెలియదు.

రాత్రి_డ్యూటీ
వార్డులో నేను చూసే గొడవల్లో చాలా భాగం వైద్యం తెలియక వచ్చేవి కావు నాలుగో బెంచీ. ఆపరేషన్ వాయిదా పడిందని పొద్దుటే తెలిసినా ఎవరూ వెళ్ళి చెప్పరు. సాయంత్రం దాకా ఏమీ తినకుండా కూర్చున్న రోగి, ఆయన చుట్టాలు అందరూ కలిసి డ్యూటీలో ఉన్న జూనియర్ మీద విరుచుకుపడతారు. కాబట్టి మాట్లాడటం రావాలి, అందులో సందేహం లేదు.

ఐతే అక్క చెప్పిన తమ్ముడిలాంటివాళ్ళు మా బ్యాచ్‌లోనూ ఉండేవారు. ఇవాళ రోగి చెప్పేది చివరిదాకా వినేది వాళ్ళే. కాలేజీలో స్టేజీ ఎక్కి దంచేసినవాళ్ళు కొందరు రోగి రెండో వాక్యానికే అడ్డు తగులుతారు. ఇంటర్వ్యూలో కొలిచేది ఏ రకం మాటనో నాకు నమ్మకం లేదు.

టెన్షన్_పార్టీ
ఓఎంఆర్‌కి మేనమామ తెలియడు సరే. పేపర్ ముందు రోజే చేతికొచ్చినవాడికి మేనమామ ఎందుకు?

2024 నీట్ ఎవరూ మరిచిపోలేదు కదా. 720కి 720 వచ్చినవాళ్ళు మొదట 67 మంది. టైం పోయిందని 1563 మందికి గ్రేస్ మార్కులు కలిపారు, తర్వాత అవి తీసేసి మళ్ళీ పరీక్ష పెట్టారు. పట్నా, హజారీబాగ్‌లలో పేపర్ బయటికొచ్చిన మాట నిజమేనని సుప్రీం కోర్టే అంది. పరీక్ష మొత్తం రద్దు చేసేంతగా వ్యవస్థ అంతటా చెడిపోలేదని మాత్రం చెప్పింది. వీటన్నిటికన్నా నాకు విచిత్రంగా అనిపించింది ఒక్క ఫిజిక్స్ ప్రశ్న సంగతి. పాత పాఠ్యపుస్తకం చదివినవాళ్ళకి ఒక జవాబు, కొత్తది చదివినవాళ్ళకి ఇంకొకటి. ముందు రెండిటికీ మార్కులిచ్చారు. కోర్టు చెప్పాక ఐఐటీ ఢిల్లీ నిపుణులు చూసి ఒకటే సరైనదన్నారు. దాంతో 4 లక్షల మందికి పైగా తలా 5 మార్కులు పోయాయి. ఫుల్ మార్కులవాళ్ళు చివరికి 17 మంది మిగిలారు.

ఆ 5 మార్కులకి ర్యాంకు ఎన్ని వేలు జారిపోతుందో రాసినవాళ్ళని అడగండి.

నాలుగో_బెంచి
అది దొంగతనం, అసమర్థత. పరీక్ష తప్పు కాదు. తాళం పగిలిందని తలుపే వద్దంటామా?

లెక్కల_మాస్టారు
దొంగతనాలు పక్కన పెడదాం. అంతా సవ్యంగా జరిగిన పరీక్షలో కూడా ఒక చిక్కుంది.

అమెరికా మెడికల్ ఎంట్రన్స్ ఎమ్‌క్యాట్‌లో స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. ఆ పరీక్ష పెట్టే సంఘమే మొత్తం స్కోరుకి అటూ ఇటూ 2 పాయింట్ల పట్టీ వేసి ఇస్తుంది. అంటే 510 వచ్చిన పిల్ల అసలు స్థాయి 508 కావచ్చు, 512 కావచ్చు, మేం అంతకన్నా కచ్చితంగా చెప్పలేం అని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. ఏ పరీక్షకైనా ఈ పట్టీ ఉంటుంది. కొందరు అచ్చువేసి చూపిస్తారు, కొందరు చూపించరు, అంతే తేడా. చూపించని చోట ఒక్క మార్కు తేడాతో ఒకడికి సీటు, ఇంకొకడికి లాంగ్ టర్మ్ కోచింగ్. ఆ ఒక్క మార్కులో ప్రతిభ ఎంతో, ఆ పొద్దున పట్టిన నిద్ర ఎంతో విడదీసే లెక్క నా దగ్గర లేదు, ఇంకెవరి దగ్గరా లేదు.

ఇంకొకటి. "ఎంట్రన్స్ మార్కులకీ తర్వాత మంచి డాక్టరు అవడానికీ సంబంధం లేదు" అని కొందరు తేలిగ్గా అనేస్తారు. అదీ పూర్తిగా నిజం కాదు. సీటొచ్చినవాళ్ళంతా ఎక్కువ మార్కులవాళ్ళే కాబట్టి వాళ్ళలో వాళ్ళకి తేడా సన్నగిల్లి, సంబంధం లేనట్టు కనిపిస్తుంది. వాలీబాల్ జట్టులో పొడవుకీ ఆటకీ సంబంధం లేదనిపించినట్టే, పొట్టివాళ్ళు జట్టులోకే రాలేదు కదా.

గోడమీద_పిల్లి
మాస్టారు చివరి పేరా రాస్తున్నప్పుడు చాక్‌పీసు విసురుతారేమోనని తల వంచుకున్నాను.

సగం_నిమిషం
యూక్యాట్ రాసినదాన్ని కాబట్టి నా గోడు కూడా వినండి. వెర్బల్ రీజనింగ్‌లో 44 ప్రశ్నలకి 22 నిమిషాలు. ప్రశ్నకి అర నిమిషం. అందులోనే పేరా చదవాలి. చదవడం కాదు అది, ప్రశ్నలో ఉన్న పదం పేరాలో ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుని చుట్టుపక్కల రెండు వాక్యాలు చూసి క్లిక్ చేయడం. నా మాక్ టెస్టుల్లో నిజంగా చదివి అర్థం చేసుకున్న రోజున స్కోరు తగ్గేది, వేట కుక్కలా వెతికిన రోజున పెరిగేది.

ఆకారాలు చూసి వరస కనిపెట్టే భాగాన్ని 2025 నుంచి తీసేశారు, పీడా పోయింది. వాటి కిటుకులు కోచింగ్‌లో జాబితా వేసి బట్టీ పట్టించేవారు.

ఇక పరిస్థితి ఇచ్చి ఏం చేస్తావని అడిగే భాగం ఉంది చూడండి, ఎస్‌జేటీ, అందులో మార్కుల బదులు 1 నుంచి 4 దాకా బ్యాండ్లు, 1 అంటే అన్నిటికన్నా పైది. రెండు వారాలు కూర్చుంటే సూత్రం దొరికిపోతుంది. ముందు ఆ మనిషితోనే విడిగా మాట్లాడు, రోగికి ప్రమాదమైతే వెంటనే పైవాళ్ళకి చెప్పు, ఊరుకోవడం ఎప్పుడూ తప్పు. నా బ్యాండ్ 1. నా మంచితనం ఎంతో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

నిద్రలేని_అక్క
సగం నిమిషం, మా వాడూ అచ్చం ఇదే అన్నాడు. ఐనా పరీక్షకి కనీసం సాధన చేయొచ్చు, పాత ప్రశ్నలు దొరుకుతాయి. ఇంటర్వ్యూలో ఏం చూస్తారో తెలిసేదెలా?

స్టేషన్_నంబర్_5
నేను ఆ బల్లకి అవతలి వైపు కూర్చుంటాను. ఏ కాలేజీ అన్నది చెప్పను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ముగ్గురు పెద్దమనుషులు ఒక పిల్లని అరగంట కూర్చోబెట్టి, కబుర్లు చెప్పించి, నచ్చితే మార్కులేసే పాత పద్ధతి మీద చాలామందికి నమ్మకం పోయింది. ఒక ప్యానెల్‌కి నచ్చినవాళ్ళు ఇంకో ప్యానెల్‌కి నచ్చేవారు కాదు. అందుకే 2000ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎమ్ఎమ్ఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) తయారు చేశారు. దాని మీద వాళ్ళ పరిశోధన వ్యాసం 2004లో వచ్చింది. ఒకే ఇంటర్వ్యూని చిన్న చిన్న స్టేషన్లుగా ముక్కలు చేశారు. తలుపు మీద అంటించిన కాగితం రెండు నిమిషాలు చదువు, లోపలికి వెళ్ళి ఎనిమిది నిమిషాలు మాట్లాడు, బెల్లు మోగితే పక్క గదికి పో. గదికొక పరీక్షకుడు. నాకు నచ్చకపోతే పోయేది నా గది మార్కులే, మిగతావాళ్ళకి ఆ సంగతే తెలియదు. మా దగ్గర పిల్లల స్కోర్లు, ఏ స్కూలు, ఇంట్లో ఎవరేం చేస్తారు, ఏవీ మా చేతికివ్వరు.

నేను చూసిన ఒక స్టేషన్ ఇలా ఉంటుంది. "మీరు కారు వెనక్కి తీస్తుంటే పక్కింటివాళ్ళ పిల్లి చక్రం కింద పడి చనిపోయింది. వెళ్ళి చెప్పండి." లోపల పక్కింటావిడగా ఒక నటి. నా షీటు మీద గళ్ళు ఇవి: విషయం ముందే చెప్పాడా, నాన్చాడా. తప్పు తనదని ఒప్పుకున్నాడా. ఆవిడ ఏడుస్తుంటే ఆ నిశ్శబ్దాన్ని భరించగలిగాడా, లేక కంగారులో "ఇంకో పిల్లిని కొనిస్తాను" అన్నాడా. గలగలా మాట్లాడేవాళ్ళే ఇక్కడ ఎక్కువ దెబ్బతింటారు, ఆగడం రాదు కాబట్టి. నెమ్మదైన పిల్లలు ఒక్కోసారి నిండా మార్కులు పట్టుకుపోతారు.

కాబట్టి అక్కా, "మాటకారి కాదు, అందుకే పోయింది" అని ముందే తేల్చేయకండి.

గోడమీద_పిల్లి
ఈ చర్చలో నా ప్రాణానికి రక్షణ లేదని గమనించాను.

మౌనరాగం
స్టేషన్ 5 గారూ, పద్ధతి బాగానే ఉంది. కానీ ఆ పిల్లి స్టేషన్ నాకు కోచింగ్‌లో ముందే చెప్పించారు, సుమారు అవే మాటలతో. మా బ్యాచ్ అంతా "మీరు కాస్త కూర్చుంటారా" అనే మొదలుపెట్టాం. మీ గదిలో ఆ రోజు వరసగా అందరూ అదే వాక్యంతో వచ్చి ఉంటే అది మా మాస్టారి చలవ.

స్టేషన్_నంబర్_5
వస్తారు. తెలుస్తుంది కూడా. నటికి తిరగబడమని చెప్పి ఉంటుంది, రెండో నిమిషంలో "నువ్వు కావాలనే చేశావు" అంటుంది. నేర్పిన మాటలు అక్కడితో అయిపోతాయి. ఐనా మొదటి రెండు నిమిషాలు ధైర్యంగా గడవడం కూడా డబ్బుతో కొన్నదే, దాన్ని కాదనను.

రాత్రి_డ్యూటీ
భోజనం తర్వాత కూర్చున్నప్పుడు మీరు వేసే మార్కులూ పొద్దున వేసే మార్కులూ ఒకటేనా సార్? నిజం చెప్పండి.

స్టేషన్_నంబర్_5
కాదు. అద్భుతంగా చేసిన పిల్ల వెనకాలే వచ్చినవాడికి కూడా తగ్గుతుంది. అందుకే ఒక్క గది మీద సీటు ఆధారపడకూడదు అనేది.

పంటి_డాక్టరమ్మ
అందరూ మెడిసిన్ గురించే మాట్లాడుతున్నారు, డెంటల్‌ని మరిచారు. మాకు ఇంకో గొడవ ఉంది, చేతి పని. తొంభై తొమ్మిది పర్సెంటైల్ తెచ్చుకున్నవాడి చెయ్యి వణికితే ఏం చేస్తారు? కొన్ని కాలేజీల ఇంటర్వ్యూల్లో సన్నని తీగ ఇచ్చి, కాగితం మీద గీసిన వంపుకి సరిపోయేలా వంచమంటారు. పటకారుతో గట్టిగా నొక్కితే తీగ మీద గాట్లు పడతాయి, ఒకసారి తప్పు వంచి సరిచేస్తే ఆ చోట గుర్తు ఉండిపోతుంది. చూసేవాడికి చివరి ఆకారమే కాదు, ఎన్నిసార్లు తడబడ్డావో కూడా తీగే చెప్పేస్తుంది.

అమెరికాలో డెంటల్ ఎంట్రన్స్‌లో వెనకటికి సుద్దముక్క చెక్కించేవారు. 1970ల మొదట్లో దాన్ని తీసేసి, ఆకారాలని మనసులో తిప్పి చూసే రాత ప్రశ్నలు పెట్టారు. కెనడాలో సబ్బు చెక్కించడం ఇంకా చాలా ఏళ్ళు నడిచి, ఆ తర్వాత పోయింది.

గోడమీద_పిల్లి
సబ్బు! చెక్కి ఇచ్చాక దానితోనే చేతులు కడుక్కుని సీటు మీద ఆశ వదులుకోవచ్చు.

నాలుగో_బెంచి
చూశారా, సబ్బు చెక్కడం న్యాయమైన పరీక్ష. చెక్కావా లేదా కనిపిస్తుంది. అందులో నటీమణులు లేరు.

పంటి_డాక్టరమ్మ
ఇంట్లో పెట్టెల కొద్దీ సబ్బులు చెక్కి సాధన చేసినవాడికీ, మొదటిసారి కత్తి పట్టినవాడికీ తేడా రాదంటారా? పైగా చేతి నైపుణ్యం చాలావరకు కాలేజీలో చేయగా చేయగా వస్తుంది. మొదటి ఏడాది మైనపు పన్ను చెక్కడానికి నానా అవస్థ పడ్డవాళ్ళు ఇవాళ నాకన్నా చక్కగా క్రౌన్లు పెడుతున్నారు. తీగ వంచలేదని వాళ్ళని ఆ రోజే పంపేసి ఉంటే?

పాత_కాగితాలు
"రాత పరీక్షైతే నిష్పాక్షికం" అనేవాళ్ళకి జపాన్ కథ. 2018లో టోక్యో మెడికల్ యూనివర్సిటీ ఆడపిల్లల మార్కులు ఏళ్ళుగా కోసేస్తోందని బయటపడింది. ఆడవాళ్ళైతే పెళ్ళై పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేస్తారట, అదీ లోపల చెప్పుకున్న సాకు. ప్రభుత్వం దేశంలోని 81 మెడికల్ కాలేజీలనీ ఆరా తీస్తే ఇంకొన్ని దొరికాయి. వాటిలో జుంతెండో యూనివర్సిటీ ఇచ్చిన సంజాయిషీ వినండి: ఆ వయసులో ఆడపిల్లలకి మాట్లాడే నేర్పు మగపిల్లలకన్నా ముందే వస్తుంది, ఇంటర్వ్యూలో వాళ్ళకే ఎక్కువ మార్కులు పడుతున్నాయి, అందుకని సరిచేశాం!

డాక్టరుకి కావలసిన గుణం అని చెప్పి ఇంటర్వ్యూ పెట్టడం, ఆ గుణం ఎక్కువ ఉన్నందుకు మార్కులు కొయ్యడం. 2021కి వచ్చేసరికి ఆ 81 కాలేజీల్లో కలిపి ఆడపిల్లల ఉత్తీర్ణత 13.60 శాతం, మగపిల్లలది 13.51. కోత ఆగగానే ఏమైందో మీరే చూడండి.

సగం_నిమిషం
అంటే మా తప్పల్లా మాట్లాడటం వచ్చి ఉండటం. బాగుంది.

కోడు_రాసేవాడు
మనుషులతోనే ఈ తంటా అంతా. అప్లికేషన్లు, ఇంటర్వ్యూ వీడియోలు ఏఐకి ఇచ్చేస్తే పోతుంది కదా? దానికి పక్షపాతం ఉండదు, భోజనం తర్వాత నిద్రా రాదు.

పాత_కాగితాలు
చేశారు బాబూ, ఏఐ అన్న మాట ఇంత వాడుకలో లేని రోజుల్లోనే. లండన్ సెయింట్ జార్జెస్ మెడికల్ స్కూల్లో 1980ల మొదట్లో అప్లికేషన్ల మొదటి వడపోతకి ఒక ప్రోగ్రామ్ రాశారు. పాత ఎంపికలు చూసి, మనుషులు ఇచ్చే మార్కులే అదీ ఇచ్చేలా సరిచూశారు. నూటికి తొంభైకి పైగా సరిపోయింది, అందరూ సంతోషించారు. 1988లో జాతి సమానత్వ కమిషన్ తేల్చిందేమిటంటే, అది ఆడవాళ్ళకీ, పేరు యూరోపియన్‌ది కానివాళ్ళకీ మార్కులు తగ్గిస్తోంది. ఏడాదికి 60 మంది దాకా ఆ కారణంగానే ఇంటర్వ్యూ పిలుపు కోల్పోయి ఉంటారని అంచనా.

అసలు తమాషా ఏమిటంటే, ప్రోగ్రామ్ కొత్తగా కనిపెట్టిన పక్షపాతం కాదది. మనుషులు చేస్తున్నదే నేర్చుకుంది. ప్రోగ్రామ్‌లో రాసి ఉంది కాబట్టి పట్టుబడింది. మనిషి బుర్రలో ఉన్నన్నాళ్ళు ఎవరికీ దొరకలేదు.

కోడు_రాసేవాడు
సరే, ఒక్క మాట. దొరికింది అంటే అది మంచిదే కదా? రూలు రాసి ఉంటే కదా తప్పని చూపించగలిగేది. నా వాదన ఇంకా చావలేదు.

లెక్కల_మాస్టారు
దానితో నేనూ ఏకీభవిస్తాను. దేనికి ఎంత బరువో ముందే ప్రకటించాలి. పరీక్షకి ఎంత, ఇంటర్వ్యూకి ఎంత, సమానంగా వస్తే ఏం చూస్తారు. నీట్‌లో సమానమైతే ముందు బయాలజీ మార్కులు చూస్తారని రాసి పెట్టారు, నచ్చినా నచ్చకపోయినా అందరికీ తెలుసు.

దారితప్పిన_అంబులెన్స్
ఇంటర్వ్యూలే పనికిరావని తేల్చిన సంగతి ఒకటి ఉంది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ మెడికల్ స్కూల్ 800 మందిని ఇంటర్వ్యూ చేసి ర్యాంకులేసి, పైవాళ్ళలో నుంచి 150 మందిని తీసుకుంది. ఎంపికలన్నీ అయ్యాక రాష్ట్ర చట్టసభ ఇంకో 50 మందిని తీసుకోమంది. అప్పటికి మిగిలింది అడుగున 700 నుంచి 800 ర్యాంకుల దగ్గరివాళ్ళు. వాళ్ళనే తీసుకున్నారు. తర్వాత మార్కుల్లో, చదువు మధ్యలో మానేసినవాళ్ళలో, హౌస్ సర్జన్సీ తొలి ఏడాది పనితీరులో చూస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అడుగువాళ్ళూ పైవాళ్ళూ ఒకటే ఐనప్పుడు ఆ 800 ఇంటర్వ్యూలు ఎందుకు చేసినట్టు?

నాలుగో_బెంచి
ఇదిగో! ఇదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది.

స్టేషన్_నంబర్_5
ఆగండాగండి. అవి పాత తరహా ఇంటర్వ్యూలు, ఇప్పటి స్టేషన్లు కావు. రెండోది, ఆ అడుగు 50 మంది కూడా మార్కులు చూసి ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ళే. కాబట్టి దాని నుంచి తేలేది, చదువు సరిపోయిందని తేలాక ఆ పాత ఇంటర్వ్యూ అదనంగా ఏమీ చెప్పలేకపోయిందని. అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ "రాత పరీక్షలో ఒక్క మార్కు ఎక్కువైనవాడే గొప్ప" అని మాత్రం తేలలేదు నాలుగో బెంచి గారూ. మాస్టారి పట్టీ మీకూ వర్తిస్తుంది.

మౌనరాగం
ఇంటర్వ్యూ గది దాకా వెళ్ళేలోపు జరిగే వడపోత ఎవరూ మాట్లాడరేం? "ఆసుపత్రిలో గడిపిన అనుభవం రాయండి" అంటారు. డాక్టర్ల పిల్లలకి నాన్న స్నేహితుడి ఆపరేషన్ థియేటర్లో నిలబడే అవకాశం ఒక్క ఫోన్‌తో వస్తుంది. నేను ఎన్ని మెయిల్స్ పెట్టినా ఎవరూ పలకలేదు. చివరికి ఒక వృద్ధాశ్రమంలో సాయం చేశాను, అన్నం తినిపించడం, పక్క మార్చడం. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగారు కూడా. కానీ అప్లికేషన్ రాస్తున్నప్పుడు "సర్జరీ చూశాను" అనే వాక్యం ముందు నాది వెలవెలపోతుందనే అనిపించింది.

స్టేషన్_నంబర్_5
మా షీట్లలో వృద్ధాశ్రమానికే ఎక్కువ పడుతుంది, థియేటర్లో మూల నిలబడి చూసినదానికి కాదు. ఈ మాట వెబ్‌సైట్లో పెద్దక్షరాలతో రాయమని ఎన్నిసార్లు చెప్పినా రాయరు. తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మీ కోపంలో న్యాయం ఉంది.

దూరప్రయాణం
కరోనా నుంచి చాలాచోట్ల ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూలు చేస్తున్నారు. రైలు ఛార్జీలు, హోటల్ ఖర్చు తప్పాయి, అది పెద్ద మేలు. ఐతే నలుగురు ఉండే రెండు గదుల ఇంట్లో గడియ వేసుకుని మాట్లాడే చోటెక్కడ? నేను చేస్తుంటే వెనకాల కుక్కర్ విజిల్. పరీక్షకుడు నవ్వాడు, నాకు ఆ స్టేషన్‌లో తర్వాత ఒక్క మాటా గుర్తు లేదు.

గోడమీద_పిల్లి
మూడు విజిల్స్ వచ్చాయా? పప్పు సంగతి తేలాకే న్యాయం సంగతి.

లాటరీ_లక్ష్మి
నేను చెప్పబోయేదానికి అందరూ తిడతారు, ఐనా చెప్తాను. చదువుకి ఒక గీత గీయండి. ఆ గీత దాటినవాళ్ళంతా డాక్టరు కాగలిగినవాళ్ళే అని ఒప్పుకోండి. సీట్లు తక్కువున్నాయి కాబట్టి ఆ తర్వాత చీటీలు తీయండి.

నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి ఇలాగే చేశారు. పూర్తిగా గుడ్డి లాటరీ కాదు, మార్కులు ఎక్కువున్నవాళ్ళకి చీటీ తగిలే అవకాశం ఎక్కువ. 1990లలో పదికి 9.6 సగటు ఉన్న ఒక అమ్మాయికి లాటరీ పదే పదే తప్పింది. దేశమంతా గోల. తర్వాత 8కి పైన సగటు ఉన్నవాళ్ళకి నేరుగా సీటిచ్చారు. 2017కల్లా లాటరీ పూర్తిగా ఎత్తేసి, కాలేజీలు తమ పరీక్షలూ ఇంటర్వ్యూలూ పెట్టుకున్నాయి. మరి ఆ ఎంపికలు ఎవరికి కలిసొచ్చాయి? కోచింగ్ కొనగలిగినవాళ్ళకి, ఇంట్లో డాక్టర్లున్నవాళ్ళకి అని విమర్శలు. 2023 నుంచి కాలేజీలు కావాలంటే మళ్ళీ లాటరీ వాడుకోవచ్చని చట్టం మార్చారు. ఒకసారి వదిలేసినదాన్ని వెనక్కి తెచ్చుకున్నారంటే ఆలోచించండి.

నాలుగో_బెంచి
పదేళ్ళు కష్టపడి చదివి చీటీలాటలో పోవాలా? ఇంతకన్నా అన్యాయం ఉంటుందా లక్ష్మి గారూ?

లాటరీ_లక్ష్మి
ఇప్పుడు పోతున్నదీ చీటీలోనే. మాస్టారు చెప్పిన ఆ 2 పాయింట్ల పట్టీలో పడ్డవాళ్ళ సంగతేంటి? ఆ చీటీని మార్కు అని పిలుస్తున్నాం. ఓడినవాడు తనకి తెలివి లేదనుకుని కుమిలిపోతాడు. లాటరీలో పోయినవాడు అదృష్టాన్ని తిట్టుకుని మళ్ళీ వస్తాడు.

రాత్రి_డ్యూటీ
ఈ చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. సీటు రాకపోతే "నేను పనికిరాను" అనుకున్న స్నేహితులు నాకున్నారు.

నాలుగో_బెంచి
నేను ఒప్పుకోను. కష్టపడితే ఆ పట్టీ దాటి పైకి పోవచ్చు. లాటరీలో ఎంత కష్టపడితే ఏం లాభం?

పంటి_డాక్టరమ్మ
అందరూ ఒకే గీతకి కష్టపడే స్థితిలో ఉన్నారా నాలుగో బెంచీ? లండన్ కింగ్స్ కాలేజీలో 2001 నుంచి ఒక పద్ధతి ఉంది. వెనకబడిన స్కూళ్ళ నుంచి వచ్చిన పిల్లలని తక్కువ గ్రేడ్లతో తీసుకుని, ఐదేళ్ళ బదులు ఆరేళ్ళు చదివిస్తారు. తొలి దశలో నెమ్మదిగా, అదనపు సాయంతో. చివరి పరీక్షలు మాత్రం అందరికీ ఒకటే. ఎంట్రన్స్ దగ్గర దయ చూపండి, డిగ్రీ దగ్గర చూపకండి. నాకు నచ్చిన దారి అది.

నిద్రలేని_అక్క
ఇంత మంది రాస్తారనుకోలేదు. స్టేషన్ 5 గారూ, మీరు చెప్పాక వాడిని మళ్ళీ అడిగాను, గదిగదికీ ఏం జరిగిందో. పిల్లి స్టేషన్ రాలేదు కానీ అలాంటిదే ఒకటి బాగానే చేశాడట. పోయిందని వాడు అనుకుంటున్నది లెక్కల గది, మందు మోతాదు లెక్క. నేనేమో వాడి మొహమాటం మీద పెట్టి ఏడుస్తున్నా. ఐనా ఏ గదిలో ఎంత వచ్చిందో చెప్పకపోతే మాకెలా తెలియాలి? వచ్చే ఏడు దేని మీద పని చేయాలి?

స్టేషన్_నంబర్_5
"కారణాలు చెప్పండి" అని అడిగితే ఆ రెండు లైన్ల మెయిలే మళ్ళీ వస్తుంది. "నా స్టేషన్లవారీ మార్కులు ఇవ్వండి" అని అడగమనండి. రెండూ వేరు అర్జీలు. చాలా దేశాల్లో తన గురించి సంస్థ దగ్గర ఉన్న వివరాలు అడిగే హక్కు చట్టంలోనే ఉంది, ఆ చట్టం పేరు రాస్తే ఫైలు కదులుతుంది. కొన్ని కాలేజీలు మొత్తాన్ని ఐదు భాగాలు చేసి ఏ భాగంలో ఉన్నారో మాత్రమే చెప్తాయి, అదీ ఉపయోగమే. మోతాదు లెక్క ఐతే మిల్లీగ్రాములు, మైక్రోగ్రాములు, శరీరం బరువుని బట్టి మోతాదు, కాలిక్యులేటర్ లేకుండా. పైకి చెప్తూ చేయమనండి. జవాబు తప్పైనా దారి సరైందైతే మా షీటులో సగం మార్కులు ఉంటాయి, మౌనంగా చేస్తే ఆ సగం వేయడానికి మాకు వీలుండదు.

నాలుగో_బెంచి
అంటే లెక్క కూడా మాట్లాడుతూ చేయాలి. భలే.

లాటరీ_లక్ష్మి
నాలుగో బెంచి గారూ, మీరు నా ప్రశ్నకి జవాబివ్వలేదు. 510కీ 512కీ మధ్య ఎవరికి సీటు ఇస్తారు, ఎందుకు?

నాలుగో_బెంచి
512కి. ఎక్కువ కాబట్టి.

లెక్కల_మాస్టారు
లక్ష్మి గారూ, మీ లాటరీకీ ఒక గీత కావాలి కదా. ఆ గీతకి ఒక్క మార్కు కింద ఉన్నవాడికి ఏం చెప్తారు? పట్టీ అక్కడా ఉంటుంది.

లాటరీ_లక్ష్మి
అందుకే గీత దగ్గర గోడ కట్టకుండా డచ్చివాళ్ళ పాత పద్ధతి. మార్కులు తగ్గేకొద్దీ చీటీ తగిలే అవకాశం కొద్దికొద్దిగా తగ్గుతుంది, ఒక్క మార్కుతో సున్నా ఐపోదు. ఎంత చొప్పున తగ్గించాలో మీరే లెక్క వేసి పెట్టండి మాస్టారూ, రేపు మాట్లాడుకుందాం.

లెక్కల_మాస్టారు
ఆదివారం వేసి పెడతాను. వేరే టాపిక్ తెరవండి, ఇక్కడ పిల్లి గోల ఎక్కువైంది.